మూలకు మూల



రేడియోలో రేఖాగణితం చెప్పాలంటే నల్లబల్ల ఉండదు, సుద్దముక్క ఉండదు. నేను గీసింది మీకు కనిపించదు. అందుకని మీ చేతిసాయం అడుగుతున్నాను. దగ్గరలో చేతిరుమాలు ఉంటే తీసుకోండి. లేకపోతే నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి నలుచదరంగా కత్తిరించుకోండి. ఒక మూలను తీసుకెళ్లి దాని ఎదుటి మూల మీద పెట్టి మడవండి. మన ఇళ్లలో దీన్ని ఐమూలగా మడవడం అంటారు. మడత విప్పండి. మిగతా రెండు మూలలనూ కలుపుతూ రుమాలు మీద ఒక గీత పడి ఉంటుంది. ఆ గీత పేరు కర్ణం. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క గీత గురించే.

ముప్పై ఏళ్లకు పైగా హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పాను. కర్ణం అంటే ఏమిటర్రా అని అడిగితే ఏ ఊళ్లోనైనా మొదట వచ్చే జవాబు ఒకటే: "వాలుగా ఉండే గీత సార్!" పుస్తకంలో బొమ్మ అలాగే ఉంటుంది మరి. కింద అడ్డగీత, పక్కన నిలువుగీత, రెండింటినీ కలుపుతూ ఒక వాలుగీత. అదే త్రిభుజాన్ని నేను బల్ల మీద తిప్పి, ఆ వాలుగీతను నేల మీద పడుకోబెట్టినట్టు గీసేవాణ్ణి. ఇప్పుడు కర్ణం ఏదీ అంటే సగంమంది పిల్లలు తడబడేవాళ్లు. కొందరైతే ఇప్పుడు వాలుగా కనబడుతున్న రెండింటిలో పెద్దదాన్ని చూపించేవాళ్లు. వాలుకీ కర్ణానికీ సంబంధం లేదు. త్రిభుజంలో ఒక మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉంటే అది లంబకోణ త్రిభుజం. ఆ 90 డిగ్రీల మూలకు ఎదురుగా ఉన్న భుజం కర్ణం. అది నిలబడి ఉన్నా, పడుకుని ఉన్నా, తలకిందులుగా ఉన్నా కర్ణమే. పడుకుంటే అదే భూమి కూడా అవుతుంది. లంబకోణం లేని త్రిభుజంలో ఎంత వాలుగీత ఉన్నా దానికి ఆ పేరు చెల్లదు.

మూడు కోణాలూ కలిపితే 180 డిగ్రీలు. అందులో 90 ఒక్క మూలకే పోయాక మిగిలిన రెండూ కలిసి 90. కాబట్టి లంబకోణమే అన్నిటికన్నా పెద్ద కోణం. పెద్ద కోణానికి ఎదురుగా ఉండేది పెద్ద భుజం. అందువల్ల కర్ణం మిగతా రెండిటిలో దేనికన్నా పొడవే, ఆ రెండూ కలిపిన దానికన్నా మాత్రం పొట్టి. పల్లెల్లో నడిచినవాళ్లకి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. గట్టు వెంట 300 మీటర్లు నడిచి, మలుపు తిరిగి మరో 400 మీటర్లు వెళ్లాల్సిన చోటికి, కోత అయిపోయిన చేలో ఐమూలగా పడి వెళితే 500 మీటర్లే. కోతలయ్యాక పొలాల్లో పడే కాలిబాటలు చాలావరకు కర్ణాలే.

ఇక మాట సంగతి. సంస్కృతంలో కర్ణం అంటే చెవి. కర్ణభేరి, కర్ణకఠోరం, ఆకర్ణించడం, ఇవన్నీ చెవికి సంబంధించినవే. నావ చుక్కానిని కూడా కర్ణం అన్నారు, అందుకే నావ నడిపేవాడు కర్ణధారుడు. గుడి కట్టే శిల్పుల దగ్గరికి వెళితే ఈ మాటకి ఇంకో అర్థం దొరుకుతుంది. వాళ్లకి కర్ణం అంటే మూల. మన దక్షిణాది విమానాల్లో ప్రతి అంతస్తు మూలలోనూ చిన్న గూడులాంటి నిర్మాణం ఉంటుంది. దాని పేరు కర్ణకూటం. మూల నుంచి మూలకు లాగే గీతకి కర్ణం అన్న పేరు నప్పడం నాకు ఇక్కడే బాగా తెలిసింది. తలకు రెండు పక్కలా చెవులున్నట్టు ఆకారానికి మూలలు.

ఒక చిన్న అపోహ తీర్చి ముందుకు వెళతాను. పాత రోజుల్లో ఊరి లెక్కలు, పొలాల లెక్కలు రాసిన కరణంగారిని కూడా చాలా జిల్లాల్లో కర్ణంగారనే పిలిచేవారు. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఉద్యోగం రద్దయింది. ఆ మాట వేరు, ఈ మాట వేరు. అది కరణం, లెక్కలూ దస్తావేజులూ రాసే పనికి సంబంధించినది. అయితే పొలం కొలతలో ఈ కర్ణం ఆ కరణంగారి కళ్ల ముందు రోజూ ఉండేది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

గ్రీకులు ఇదే గీతను హైపోటెన్యూస్ అన్నారు. ఆ మాటకు కింద సాగదీసి ఉన్నది అని అర్థం. లంబకోణం కింద తాడు లాగి పట్టినట్టు ఉంటుందని కాబోలు. తాడు ఊహ మన దగ్గర ఇంకా స్పష్టంగా ఉంది. యజ్ఞవేదికలు కొలిచి కట్టే పద్ధతులు చెప్పిన గ్రంథాల పేరే శుల్బసూత్రాలు. శుల్బం అంటే తాడు. బోధాయనుడు, ఆపస్తంబుడు, కాత్యాయనుడు, వీళ్ల పేర్ల మీద ఆ సూత్రాలు ఉన్నాయి. ప్రవర చెప్పుకునేటప్పుడు మాది ఆపస్తంబ సూత్రం అని చెప్పుకునే తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఆపస్తంబ శాఖవారి గ్రంథాల్లో తాడుతో మూలలు తీర్చే లెక్క కూడా ఒకటి ఉందని వాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పి ఉండరు.

ఆ సూత్రాల్లో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. బడిలో పైథాగరస్ సిద్ధాంతం అని మనం త్రిభుజానికి చెప్పుకునేదాన్ని వాళ్లు త్రిభుజానికి చెప్పలేదు, దీర్ఘచతురస్రానికి చెప్పారు. నిడివి తాడు మీద ఒక చతురస్రం, వెడల్పు తాడు మీద ఇంకో చతురస్రం కడితే ఎంత వైశాల్యం వస్తుందో, మూలకు మూల లాగిన తాడు ఒక్కటే అంత వైశాల్యం ఇస్తుందన్నారు. దీర్ఘచతురస్రం అన్న మాట కూడా వాళ్లదే. అప్పటి మాట ఇప్పటికీ మన ఆరో తరగతి పుస్తకంలో అలాగే ఉంది. మన పుస్తకాల్లో కర్ణం అన్న ఒక్క మాట రెండు పనులు చేస్తుంది గమనించారా? లంబకోణ త్రిభుజంలో పెద్ద భుజమూ కర్ణమే, చతుర్భుజంలో మూలకు మూల గీసే గీతా కర్ణమే. ఇంగ్లిషులో ఈ రెండింటికీ వేర్వేరు పేర్లు. ఒకే మాట ఉంటే పిల్లలు తికమకపడతారని కొందరు ఉపాధ్యాయులు అంటారు. నాకలా తోచలేదు. దీర్ఘచతురస్రాన్ని ఐమూలగా కోస్తే రెండు లంబకోణ త్రిభుజాలు వస్తాయి, కోసిన గీతే రెంటికీ కర్ణం. ఒక్క పేరు ఉండటమే ఈ చుట్టరికాన్ని పిల్లవాడికి చూపిస్తుంది.

ఇప్పుడు మళ్లీ రుమాలు పట్టుకోండి. మడతలన్నీ విప్పి బల్ల మీద పరవండి. నాలుగు మూలలనూ మధ్యకు తెచ్చి మడవండి, నాలుగు కొసలూ నడిమి బిందువు దగ్గర కలిసేటట్టు. పాతకాలం కవరులా ఒక చిన్న చతురస్రం వచ్చింది కదా. అందులో ఎక్కడ పట్టుకున్నా గుడ్డ రెండు పొరలుగా ఉంటుంది. అంటే ఈ చిన్న చతురస్రం పెద్దదానిలో సరిగ్గా సగం. ఇప్పుడు చిన్నదాన్ని మూలకు మూల కొలవండి. ఆ కొలత పెద్ద రుమాలు భుజమంత ఉంటుంది. ఏం తేలింది? చిన్న చతురస్రం కర్ణం మీద కట్టిన చతురస్రమే ఆ పెద్ద రుమాలు, దాని వైశాల్యం చిన్నదానికి రెట్టింపు. సూత్రం రాయలేదు, అక్షరం రాయలేదు, రుజువు చేతిలో ఉంది. శుల్బకారులు ఈ కర్ణాన్ని ద్వికరణి అన్నారు, రెట్టింపు చేసేది అని.

భుజం 1 అయితే ఈ కర్ణం ఎంత? మనం వర్గమూలం 2 అంటాం. దానికి వాళ్లు ఇచ్చిన లెక్క ఇది: 1కి మూడోవంతు కలపండి, ఆ మూడోవంతులో నాలుగోవంతు మళ్లీ కలపండి, ఆఖరున కలిపిన దానిలో 34వ వంతు తీసేయండి. 577ను 408తో భాగించినంత వస్తుంది, 1.4142157. అసలు విలువ 1.4142136. 10 అడుగుల చదరం కర్ణాన్ని ఈ లెక్కతో కొలిస్తే వచ్చే తేడా వెంట్రుక మందం కన్నా ఎంతో తక్కువ. ఇనుప టేపు లేని రోజుల్లో, తాడుతో!

మేస్త్రీ దగ్గరికి వద్దాం. పునాదికి ముగ్గు పోసే రోజు ఎప్పుడైనా పక్కన నిలబడి చూశారా? ముందు ఒక పక్క పురికొస లాగి గూటాలు పాతుతాడు. అది ఒక గోడ. దానికి లంబంగా రెండో గోడ తిప్పాలి. బడిపిల్లల పెట్టెలో ఉండే మూలమట్టం అంత పెద్ద గోడకు సరిపోదు, అంగుళంలో వచ్చే చిన్న తప్పు 30 అడుగుల దూరం వెళ్లేసరికి జానెడు అవుతుంది. అందుకని మేస్త్రీ మూల నుంచి ఒక దారం మీద 3 అడుగుల దగ్గర గుర్తు పెడతాడు, రెండో దారం మీద 4 అడుగుల దగ్గర గుర్తు పెడతాడు. గుర్తు నుంచి గుర్తుకు టేపు పట్టి, 5 అడుగులు వచ్చేదాకా రెండో దారాన్ని అటూ ఇటూ జరుపుతాడు. 5 వచ్చిందా, మూల కుదిరింది. కాస్త జాగ్రత్త ఉన్న మేస్త్రీ 3, 4, 5తో సరిపెట్టుకోడు. 6, 8, 10 పడతాడు, జాగా ఉంటే 9, 12, 15 పడతాడు. కొలత పెద్దదయ్యేకొద్దీ చేతి తప్పు చిన్నదవుతుంది.

ఇక్కడ లెక్కల మాస్టర్లు పిల్లలకు చెప్పవలసినది ఒకటుంది. మేస్త్రీ చేసేది పైథాగరస్ సిద్ధాంతం కాదు, దాని విపర్యయం. సిద్ధాంతం ఏమంటుంది? మూల లంబకోణమైతే కర్ణం మీది చతురస్రం మిగతా రెండిటి మొత్తమంత అని. మేస్త్రీ వెనక నుంచి వస్తాడు. మొత్తం కుదిరింది కాబట్టి మూల లంబకోణం అంటాడు. క్రీస్తు పూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ తన మొదటి పుస్తకంలో 47వ ప్రతిపాదనగా సిద్ధాంతాన్నీ, వెంటనే 48వదిగా విపర్యయాన్నీ పెట్టాడు. పరీక్షల్లో 47 ఎక్కువ అడుగుతారు. ఇళ్లు మాత్రం 48 మీద లేస్తున్నాయి.

నాలుగు మూలలూ తిప్పాక మేస్త్రీ ఇంకో పని చేస్తాడు. రెండు కర్ణాలూ కొలుస్తాడు. ఎదురెదురు గోడలు సమానంగా ఉండి, రెండు కర్ణాలూ సమానంగా వస్తే గది మూలలన్నీ లంబకోణాలే. 12కి 12 గదికి కర్ణం 17 అడుగులకు అర అంగుళం లోపు తక్కువ. 12కి 16 హాలుకు సరిగ్గా 20. ఒక షరతు మరిచిపోకూడదు. ఎదురు గోడలు సమానమా కాదా చూడకుండా కర్ణాలు మాత్రమే సమానం అంటే చాలదు. రోడ్డు వైపు వెడల్పుగా, వెనక సన్నగా, రెండు పక్కలా ఒకేలా వాలిన స్థలానికి కూడా కర్ణాలు సమానంగానే వస్తాయి.

పెంకుటిళ్లు కట్టిన వడ్రంగులకు కర్ణం అంటే వాసం. ఇంటి వెడల్పు 16 అడుగులు అనుకోండి. వెన్నుదూలం నడిమధ్యన ఉంటుంది కాబట్టి గోడ నుంచి దాని కిందికి 8 అడుగులు. గోడ తలకన్నా వెన్నుదూలం 6 అడుగులు ఎత్తు. వాసం 10 అడుగులు కావాలి. గోడ దాటి చూరు కోసం రెండడుగులు వదులుకుంటే 12 అడుగుల కర్ర తేవాలి. అడితిలో కర్ర కొనేముందే ఈ లెక్క చెప్పాలి, ఎందుకంటే పొట్టి కర్రను సాగదీయలేం.

టీవీ సంగతి ఒక్క మాటలో. 32 అంగుళాల టీవీ అంటే దాని వెడల్పు 32 కాదు, తెర కర్ణం 32. పాత డబ్బా టీవీల తెర 4కి 3 వాటంలో ఉండేది, అంటే 3, 4, 5 త్రిభుజమే. 20 అంగుళాల తెర 16 వెడల్పు, 12 ఎత్తు. ఇప్పటి టీవీలు 16కి 9 వాటం. 32 అంగుళాల కొత్త టీవీ సుమారు 28 వెడల్పు, 15.7 ఎత్తు. అదే కర్ణంతో పాత వాటం తెర ఉంటే వైశాల్యం పదోవంతుకు పైగా ఎక్కువ ఉండేది. కర్ణం ఒక్కటే తెలిస్తే వైశాల్యం తెలియదని దీన్నిబట్టి గుర్తుపెట్టుకోండి. దీనికి తిరగేసిన సంగతి ఇంకా ముఖ్యమైనది. భుజాలన్నీ తెలిసినా, కర్ణం తెలియకపోతే వైశాల్యం తెలియదు.

ఆ మాట నాకు మా ఇంట్లోనే తెలిసింది.

మా పెదనాన్నగారు చాలా ఏళ్ల కిందట మా ఊరి శివార్లలో ఒక స్థలం కొన్నారు. రోడ్డు ముఖం 60 అడుగులు, లోతు 40 అడుగులు. ఆయన అజాగ్రత్త మనిషి కాదు. కొనేముందు టేపు పట్టించి నాలుగు పక్కలా కొలిపించారు. 60, 40, 60, 40. అంగుళం తేడా లేదు. 2400 చదరపు అడుగులు, అంటే 266 గజాలకు పైమాటే. ఆ లెక్కనే డబ్బు కట్టారు. దస్తావేజులో చెక్కుబందీ రాశారు, తూర్పున ఎవరిది, దక్షిణాన ఎవరిది, పక్కన అడుగులు. అంతా సవ్యంగానే ఉంది. స్థలంలో తుమ్మమొక్కలు, పిచ్చిగడ్డి.

పదేళ్ల తర్వాత ఇల్లు కట్టబోతే మేస్త్రీ వచ్చి గడ్డి కొట్టించి, కాసేపు నిలబడి చూసి, "బాబుగారూ, టేపు అటు కొస పట్టుకోండి, మూలకు మూల లాగుదాం" అన్నాడు. ఒక కర్ణం 64 అడుగులు వచ్చింది. రెండోది 79 అడుగుల 5 అంగుళాలు. స్థలం చదరంగా ఉంటే రెండూ 72 అడుగుల ఒక అంగుళం దగ్గర రావాలి. పెదనాన్నగారు మళ్లీ నాలుగు పక్కలా కొలిపించారు. మళ్లీ 60, 40, 60, 40. భుజాలు ఒక్కటీ అబద్ధం చెప్పలేదు. స్థలం మాత్రం పక్కకు ఒరిగి ఉంది.

ఆ రాత్రి నేను లెక్క వేసి చూశాను. 60, 40, 64 భుజాలతో ఒక త్రిభుజం, దాని వైశాల్యం దాదాపు 1168 చదరపు అడుగులు. అలాంటివి రెండు కలిపితే 2336. కాగితం మీద ఉన్న 2400కి 64 చదరపు అడుగులు తక్కువ, ఏడు గజాలు. అది డబ్బు నష్టం. ఇంటి నష్టం అంతకన్నా పెద్దది. రోడ్డు వైపు 60 అడుగులు కనబడుతున్నా, చదరంగా ఇల్లు నిలపడానికి దొరికింది 51 అడుగుల లోపు వెడల్పు, 39 అడుగుల లోపు లోతు. రెండు పక్కలా రెండు త్రికోణపు ముక్కలు మిగిలిపోయాయి. పెద్దమ్మ ఎన్నాళ్లుగానో అనుకున్న పూజగది గీసిన ప్లానులోంచి పోయింది. అమ్మినాయన మోసం చేశాడా, ఆయనకూ తెలియదా అన్నది ఇప్పటికీ మా ఇంట్లో తేలలేదు. తెలిసింది ఒకటే, కొనేరోజు ఎవరూ కర్ణం అడగలేదు.

భాస్కరాచార్యుడు ఈ మాటను 1150లోనే ఎంత కోపంగా చెప్పాడో లీలావతిలో చదివినప్పుడు మా పెదనాన్నగారు గుర్తొచ్చారు. లీలావతి అంటే మనకు అందమైన కథలెక్కలు గుర్తుకొస్తాయి. 32 మూరల వెదురు గాలికి విరిగి, కొస మొదటికి 16 మూరల దూరంలో నేలను తాకింది, ఎక్కడ విరిగింది అంటాడు. 12 మూరల ఎత్తున. విరిగి వాలిన 20 మూరల ముక్కే కర్ణం. 9 మూరల స్తంభం మీద నెమలి, స్తంభం మొదట్లో ఉన్న పుట్టవైపు 27 మూరల దూరం నుంచి వస్తున్న పాము, రెండూ ఒకే వేగంతో కదిలితే నెమలి పామును ఎక్కడ పట్టుకుంటుంది అంటాడు. పుట్టకు 12 మూరల దూరంలో. అక్కడ కర్ణం 15. ఇంత ముచ్చటగా మాట్లాడే మనిషి చతుర్భుజాల దగ్గరికి వచ్చేసరికి స్వరం మార్చాడు. కర్ణం గానీ లంబం గానీ చెప్పకుండా, నాలుగు భుజాలు మాత్రమే చెప్పి వైశాల్యం ఎంత అని అడిగేవాడు పిశాచం, దానికి జవాబు చెప్పేవాడు అంతకన్నా పిశాచం అన్నాడు. లెక్కల పుస్తకంలో అంత తిట్టు నేను ఇంకెక్కడా చూడలేదు. ఆయన కోపం నూటికి నూరుపాళ్లూ న్యాయం.

ఎందుకో మీరే చేసి చూడవచ్చు. నాలుగు అట్టముక్కలు తీసుకుని మూలల్లో గుండుసూదులు గుచ్చి చట్రం చేయండి. మెల్లగా నొక్కితే అది ఒరుగుతుంది, ఇంకా నొక్కితే పూర్తిగా చదునైపోతుంది. భుజాల పొడవులు మారలేదు, లోపలి చోటు మాత్రం నిండుగా ఉన్నది కాస్తా సున్నా దాకా పోయింది. అంటే నాలుగు భుజాలు ఏ వైశాల్యాన్నీ నిర్ణయించవు. అందులో మూలకు మూల ఇంకో అట్టముక్క గుచ్చండి. ఇక కదలదు. కర్ణం వచ్చి చతుర్భుజాన్ని రెండు త్రిభుజాలు చేసింది, మూడు భుజాలు తెలిసిన త్రిభుజానికి ఒకే రూపం. వెదురు తడికకు ఐమూలగా ఒక బద్ద కట్టే రైతుకు ఇది తెలుసు. ఇనుప గేటుకు వాలుపట్టీ వేసే వెల్డరుకు తెలుసు. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద 1974లో తెరిచిన రోడ్డు, రైలు వంతెన పక్కన నిలబడి చూడండి, ఆ ఉక్కు చట్రమంతా త్రిభుజాలే.

భాస్కరుడికి 500 ఏళ్ల ముందు, 628లో, బ్రహ్మగుప్తుడు ఇంకో హెచ్చరిక రాసి పెట్టాడు. ఎదురెదురు భుజాల సగటులు తీసి గుణించే పద్ధతిని స్థూలఫలం అన్నాడు, అంటే పైపై లెక్క. ఇప్పటికీ స్థలాల బేరాల్లో అదే లెక్క నడుస్తోంది. తూర్పు 40, పడమర 44, సగటు 42. ఉత్తరం 58, దక్షిణం 62, సగటు 60. 42ను 60తో గుణించు, 2520 అంటారు. ఈ పద్ధతిలో ఒక గుణం ఉంది, అందరూ తెలుసుకోవాలి. స్థలం నలుచదరమో దీర్ఘచతురస్రమో అయితే సరైన జవాబు వస్తుంది. ఇంకే ఆకారమైనా అసలు కన్నా ఎక్కువే వస్తుంది. తక్కువ రావడం అన్నది జరగదు. కాబట్టి ఈ పద్ధతిలో ఎప్పుడూ నష్టపోయేది కొనేవాడే.

మన భాషలోకి ఈ విద్య కొత్తగా రాలేదు. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో మనకు తెలిసిన తొలి శాస్త్రగ్రంథాల్లో అది ఒకటి. కావ్యాలతో పాటే పొలం కొలత కూడా మనం పద్యంలో చదువుకున్నాం.

సర్కారు సర్వేయర్లు కూడా కర్ణాన్ని విడిచిపెట్టలేదు. పాత మద్రాసు ప్రెసిడెన్సీలో పొలాలు కొలిచిన పద్ధతి ఇది: పొలంలో మూలకు మూల గొలుసు పరిచి, ఆ గీత మీద నుంచి మిగతా మూలలకు లంబాలు కొలవడం. గొలుసు 66 అడుగులు, 100 లింకులు. 10 చదరపు గొలుసులు ఒక ఎకరం. ప్రతి సర్వే నంబరుకూ అలా గీసిన పటాన్ని మనం ఎఫ్‌ఎంబీ అంటాం. కర్ణం పొడవు భూమి, దాని మీది లంబం ఎత్తు, రెండూ గుణించి సగం చేస్తే ఒక త్రిభుజం. అలా పొలం మొత్తం లెక్క తేలుతుంది. కరణంగారి కళ్ల ముందు రోజూ ఉండేదన్నది ఈ కర్ణమే. అంటే ప్రభుత్వం దగ్గరున్న పటంలో కర్ణం ఉంది. మనం డబ్బుపోసి రాయించుకునే దస్తావేజులో చాలాసార్లు నాలుగు హద్దులూ నాలుగు పొడవులూ మాత్రమే ఉంటాయి. ఈ తేడా నాకు మింగుడుపడదు. కోట్లు పెట్టి కొనే కాగితంలో, లేకపోతే లెక్కే లేదని భాస్కరుడు అన్న ఆ ఒక్క కొలత ఉండదు.

పైతరగతుల్లో కర్ణం ఇంకా చాలా దూరం పోతుంది. ఎదుటి భుజాన్ని కర్ణంతో భాగిస్తే సైన్, ఆసన్న భుజాన్ని భాగిస్తే కొసైన్, అక్కణ్ణుంచి కొండల ఎత్తులు, నక్షత్రాల లెక్కలు. దానికి ఇంకో పూట కావాలి. ఈ పూట మిమ్మల్ని అడిగేది చాలా చిన్న పని.

స్థలం కొనబోతున్నవాళ్లు, పిల్లలకు స్థలం పంచబోతున్నవాళ్లు, అన్నదమ్ములు వాటాలు వేసుకోబోతున్నవాళ్లు ముందుగా ఆ సర్వే నంబరు పటం తెచ్చుకోండి. ఆంధ్ర జిల్లాల్లో ఎఫ్‌ఎంబీ అని అడగండి, తెలంగాణలో టిప్పన్ అని అడగండి. తర్వాత మీరే టేపు పట్టుకుని స్థలంలోకి వెళ్లండి. గడ్డి ఉంటే కొట్టించండి. నాలుగు పక్కలూ కొలిచాక ఇంటికి వచ్చేయకండి. ఈ మూల నుంచి ఆ మూలకు ఒకసారి, ఆ మిగతా రెండు మూలల మధ్య ఇంకోసారి లాగండి. ఇద్దరు మనుషులు, పది నిమిషాలు. స్థలానికి అయిదు మూలలుంటే ఒకే మూల నుంచి రెండు కర్ణాలు, ఆరుంటే మూడు కర్ణాలు కొలవండి. ఆ అంకెలను నాలుగు భుజాల పక్కనే, దస్తావేజుకు జతచేసే ప్లానులో రాయించండి. రాసేవాళ్లు అక్కర్లేదంటే, కావాలని గట్టిగా అడగండి.